శ్రీకారం చుట్టే చోటు

పదిహేనేళ్ళుగా చెన్నైలో ఎమ్మెస్సీ విద్యార్థులకు జీవరసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ప్రోటీన్ తయారీ ఎలా మొదలవుతుందన్న పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద ఒకే బొమ్మ గీసేదాన్ని. ఎడమ చివర టోపీ పెట్టుకున్న ఎంఆర్ఎన్ఏ, అంటే జన్యువు పంపిన సందేశం, ఆ టోపీని పట్టుకున్న ప్రోటీన్ల గుంపు, అక్కడ ఎక్కి కుడివైపుకు జరుగుతూ తయారీ మొదలుపెట్టమనే మూడక్షరాల గుర్తు, మొదటి ఏయూజీ దగ్గర ఆగే రైబోసోమ్ (ప్రోటీన్ కట్టే యంత్రం) చిన్న ఉపప్రమాణం, అంటే దాని చిన్న సగం. పోయిన ఏడాది కార్తీకంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఈ పాఠం ముగిశాక సూళ్ళూరుపేట నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చే ఒక అమ్మాయి వరండాలో నన్ను ఆపి తెలుగులో అడిగింది: "మేడం, మీరు గీసిన బొమ్మ ఏ ప్రాణిదండీ?" కేంద్రకం ఉన్న కణాలన్నిటిలోనూ ఇలాగే జరుగుతుందమ్మా అన్నాను. "గియార్డియాలో కూడానా మేడం? పోయిన నెల మా తమ్ముడికి విరేచనాలు తగ్గకపోతే పరీక్ష చేయించాం, అదే ఉందన్నారు." అవునని చెప్పి స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయాను.

ఆ "అవును" తప్పు. నాకు తెలియని సంగతి అయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. గియార్డియా సందేశాలు వేరే రకంగా మొదలవుతాయని నేను ఎప్పుడో చదివాను. చదివినదాన్ని పాఠంలోకి రానివ్వలేదు. పుస్తకంలోని బొమ్మ అంత పొందికగా ఉన్నప్పుడు దాన్ని చెదరగొట్టడానికి చెయ్యి రాదు. ఆ రాత్రి పెరంబూరులో ఇంటికి చేరాక, పాత పత్రాలన్నీ బయటికి తీసి, ఏయే పరాన్నజీవి తన ప్రోటీన్ల తయారీకి ఎక్కడ, ఎలా శ్రీకారం చుడుతుందో మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

నేను వాదించదలచుకున్నది ఇది. ఏకకణ పరాన్నజీవుల బతుకులోని పెద్ద మలుపులు, అంటే ఈగ కడుపులోంచి మనిషి కణంలోకి మారడం, దోమ లాలాజల గ్రంథిలో కాచుకుని ఉండడం, మందు దెబ్బ తగిలినప్పుడు అణగి ఉండడం, ఇవన్నీ చాలావరకు ఒకే చోట తేలుతాయి. తయారై ఉన్న సందేశం నుంచి ప్రోటీన్ చేయడం ఇప్పుడు మొదలుపెట్టాలా, ఆపి ఉంచాలా అన్నదే ఆ చోటు. అంతటి చోటును కుందేలు, యీస్టు, మనిషి కణాల కథగా మాత్రమే చెప్పి, మన ఊళ్ళలో మన ఒంట్లోకి చేరే ఈ జీవులను పుట అడుగున చిన్న అక్షరాల్లో మినహాయింపులుగా రాయడం శాస్త్రపరంగా సరికాదు; దానివల్ల వైద్యానికీ నష్టమే.

ముందు ఆ మామూలు కథ చెప్పుకోవాలి. తేడాలు ఏ మెట్టు దగ్గర వస్తాయో తెలియడానికి అది అవసరం. జన్యువు నుంచి నకలుగా వచ్చిన ఎంఆర్ఎన్ఏ తల మీద 7-మిథైల్ గ్వానోసిన్ అనే మార్పు చెందిన న్యూక్లియోటైడ్ (ఆర్ఎన్ఏ రాతలో ఒక అక్షరం) టోపీలా కూర్చుని ఉంటుంది. ఈఐఎఫ్4ఈ అనే ప్రోటీన్ తనలోని రెండు ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లాల నడుమ, రెండు అరచేతుల మధ్య ఆకును పట్టుకున్నట్టు, ఆ టోపీని పట్టుకుంటుంది. ఈఐఎఫ్4జీ అనే పొడవాటి ప్రోటీన్ దానికి తగులుకుని, ఆర్ఎన్ఏలోని ముడుతలు విప్పే ఈఐఎఫ్4ఏ ఎంజైమును వెంట తెచ్చుకుంటుంది. ఈలోగా రైబోసోమ్ చిన్న ఉపప్రమాణం, మెథియోనిన్ అనే మొదటి అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్ఎన్ఏతోను, దాన్ని తెచ్చి అప్పగించే ఈఐఎఫ్2తోను కలిసి సిద్ధమై ఉంటుంది. అది టోపీ దగ్గర ఎక్కి, అక్షరం వెంట అక్షరం వెదుక్కుంటూ సాగి, ఏయూజీ దొరకగానే ఆగుతుంది. పెద్ద ఉపప్రమాణం వచ్చి కూడుతుంది. ఇలా వెదుకుతూ సాగే నమూనాను మర్లిన్ కోజాక్ 1978లో ప్రతిపాదించారు. ఏయూజీకి మూడు అక్షరాల ముందు ఏ గానీ జీ గానీ ఉండి, ఏయూజీ వెంటనే జీ ఉంటే రైబోసోమ్ అక్కడ మరింత నమ్మకంగా ఆగుతుందని ఆమె తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఎంతో గొప్ప పని అది. దాని మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. అయితే ఈ జ్ఞానంలో అధికభాగం కుందేలు ఎర్ర రక్తకణాల సారం, గోధుమ బీజాల సారం, యీస్టు, ప్రయోగశాలలో పెంచిన క్షీరద కణాలు ఇచ్చినదన్న సంగతిని పాఠం చెప్పేటప్పుడు మరిచిపోతున్నాం.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. కాలేజీ నుంచి సెంట్రల్ స్టేషనుకు వచ్చేటప్పుడు రోజూ జనరల్ హాస్పిటల్ ప్రహరీ పక్కగా నడుస్తాను. మా అమ్మమ్మ తరం నెల్లూరు వాళ్ళకు అది "మద్రాసు పెద్దాసుపత్రి". ఊళ్ళో వైద్యుడు చేతులెత్తేస్తే రైలెక్కి వచ్చేది అక్కడికే. 1903లో ఆ ఆసుపత్రిలోనే చార్లెస్ డొనోవన్ జ్వరంతోను, పెరిగిన ప్లీహంతోను బాధపడుతున్న రోగుల ప్లీహం నుంచి సూదితో తీసిన రసాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అండాకారంలో ఉన్న చిన్న చిన్న కణాలను చూశాడు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పనిచేసి జబ్బుపడ్డ ఒక సైనికుడి శవపరీక్షలో అటువంటివే చూశానని విలియం లీష్మన్ అదే ఏడాది ప్రకటించాడు. రోనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ఆ జీవికి లీష్మానియా డొనోవాని అని పేరు పెట్టాడు. కాలా అజార్ జబ్బుకు కారణం అదే. ఈ గోడ పక్కనే నడుస్తూ ఇన్నేళ్ళు ఆ జీవి పేరు ఎత్తకుండా ప్రోటీన్ తయారీ పాఠం చెప్పానన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఎందుకంటే లీష్మానియా, దాని దాయాదులైన ట్రిపనోసోమాలు ఈ విషయంలో మనకు చెప్పేది చాలా ఉంది. మన కణంలో సాధారణంగా ప్రతి జన్యువుకూ విడిగా ఒక ద్వారం ఉంటుంది. ఏ జన్యువును చదవాలో, ఎంతగా చదవాలో కణం అక్కడే చాలావరకు నిర్ణయించుకుంటుంది. లీష్మానియాలో అటువంటి విడి ద్వారాలు దాదాపు లేవు. పదులు, వందల జన్యువులు ఒకదాని వెంట ఒకటి బారులు తీరి ఉంటాయి, ఆ బారునంతా ఎంజైము ఒకే ఊపులో నకలు తీస్తూ పోతుంది. ఆ పొడవాటి నకలును తర్వాత ముక్కలుగా కత్తిరించి, ప్రతి ముక్క తలకూ వేరే చోట తయారైన 39 అక్షరాల తునక ఒకటి అతికిస్తారు. ట్రాన్స్-స్ప్లైసింగ్ అనే ఈ వింత 1980లలో ట్రిపనోసోమాలో బయటపడింది. అంటే ఈ జీవుల ఎంఆర్ఎన్ఏలన్నీ అవే 39 అక్షరాలతో మొదలవుతాయి. మన పెద్దవాళ్ళు ఉత్తరం రాసినా, పద్దు రాసినా, పెళ్ళి సామాన్ల జాబితా రాసినా పైన "శ్రీ" అని పెట్టి గాని కిందికి దిగేవారు కాదు. ఇక్కడ ఆ శ్రీకారం ముందే రాసి ఉంచినది, ఏ సందేశానికైనా తెచ్చి అతికించేది. దాని టోపీ కూడా మామూలు టోపీ కాదు. 7-మిథైల్ గ్వానోసిన్ తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు, ఏ, ఏ, సీ, యూ, అన్నిటికీ మిథైల్ గుంపులు తగిలించి ఉంటాయి. దీన్ని నాలుగో రకం టోపీ అంటారు. ఇంత బరువైన టోపీ మన కణాల్లో లేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. ఒక బారులోని జన్యువులన్నీ ఒకే మోతాదులో చదవబడుతూ, అన్ని సందేశాలకూ తల ఒక్కటే అయినప్పుడు, కణానికి ఒక ప్రోటీన్ ఎక్కువగాను, మరొకటి తక్కువగాను ఎలా దొరుకుతుంది? సందేశం ఎంతకాలం బతికి ఉంటుందన్నది ఒక జవాబు. దాని మీద ప్రోటీన్ తయారీ మొదలవుతుందా లేదా అన్నది రెండో జవాబు. ఈ రెండో జవాబుకు ఆ కణం ఎంత సరంజామా సమకూర్చుకుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టోపీని పట్టే ఈఐఎఫ్4ఈ కుటుంబంలో మనిషికి మూడు ప్రోటీన్లు ఉండగా లీష్మానియాకు ఆరు ఉన్నాయి. దానికి తగులుకునే ఈఐఎఫ్4జీ రకాలు ఐదు. ఒక జత (నాలుగో 4ఈ, మూడో 4జీ) రోజువారీ పని చూస్తుందని చెప్పడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. మూడో 4ఈ, ఆహారం కరువైనప్పుడు కణంలో గుళికలుగా పోగుపడుతుంది. మొదటి 4ఈ మరీ విడ్డూరమైనది: టోపీని పట్టుకుంటుంది గాని ఏ 4జీతోనూ జతకట్టదు.

ఈ మొదటి రకం మీద ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయంలో మిఖాల్ షపీరా బృందం చాలా కాలం పనిచేసింది. ఇసుక ఈగ కడుపులో లీష్మానియా కశాభంతో (కొరడా లాంటి పోగుతో) ఈదుతూ, సుమారు 26 డిగ్రీల వేడిలో, మామూలు ఆమ్లత్వంలో ఉంటుంది. ఈగ కుట్టి మనిషిలోకి దింపాక, మాక్రోఫేజ్ అనే రక్షణ కణం దాన్ని మింగి పుల్లటి సంచిలో పెడుతుంది. అక్కడ 37 డిగ్రీల వేడి. ఈ రెండు లోకాల మధ్య అది గుండ్రంగా మారాలి, కశాభాన్ని కుదించుకోవాలి, వేడికి విరిగిపోకుండా తన ప్రోటీన్లను కాపాడుకోవాలి. ఆ సమయంలో తయారీ మొత్తం మీద తగ్గిపోతుంది, అయితే హెచ్ఎస్‌పీ83 వంటి ఉష్ణాఘాత ప్రోటీన్ల తయారీ మాత్రం పెరుగుతుంది. ఈ పెంపుకు సందేశం తోకవైపు, అంటే ప్రోటీన్ రాత ముగిశాక మిగిలే భాగంలోని ఒక తునక అవసరమని తేలింది. ఎక్కడో కొసన ఉన్న అక్షరాలు తల దగ్గర జరగవలసిన ఆరంభాన్ని నడిపిస్తున్నాయి. మనిషి లోపలి దశలో మిగతా టోపీ-ప్రోటీన్లు చాలావరకు వెనక్కి తగ్గగా, ఏ 4జీతోనూ పొత్తు లేని ఆ మొదటి 4ఈ టోపీని గట్టిగా పట్టుకుని నిలుస్తుంది. ఈ మొత్తం నాటకంలో జన్యువును చదవడమన్న ఘట్టానికి దక్కిన పాత్ర ఎంత కొద్దిదో గమనించండి. నా పాఠంలో మాత్రం జన్యు నియంత్రణ అంటే మూడు వారాలు, ప్రోటీన్ ఆరంభం అంటే ఒక గంట.

ట్రిపనోసోమా క్రూజీ రైబోసోమ్ చిన్న ఉపప్రమాణం, ప్రారంభక కారకాలతో (ఈఐఎఫ్‌లతో) కలిసి ఉన్నప్పుడు ఎలా ఉంటుందో 2020లో క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి ప్రచురించారు. మన కణాల్లోని అమరికలో కనబడని ఒక పెద్ద హెలికేజ్ (ఆర్ఎన్ఏ ముడుతలు విప్పే) ప్రోటీన్ అక్కడ కూర్చుని ఉంది. అసలు ఆ వంశపు రైబోసోమే వేరు: పెద్ద ఉపప్రమాణపు ఆర్ఎన్ఏ మనకు ఉన్నట్టు ఒక పొడవాటి దారంగా ఉండక తునకలు తునకలుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన గియార్డియా. 1681లో లేవెన్‌హుక్ తన మలంలోనే చూసి వర్ణించిన జీవి ఇది. కలుషితమైన నీళ్ళ వెంట వస్తుంది. ట్యాంకర్ నీళ్ళ మీద వేసవి గడిపే ఊళ్ళో దాని పేరు వినని ఇల్లు తక్కువ. మన ఎంఆర్ఎన్ఏలో టోపీకీ ఏయూజీకీ మధ్య సాధారణంగా వంద, రెండు వందల అక్షరాల దూరం ఉంటుంది. ఆ దూరమే రైబోసోమ్ నడిచే వీధి. గియార్డియాలో ఆ వీధి లేదు. చాలా సందేశాల్లో పది అక్షరాలైనా ఉండవు, కొన్నిటిలో ఒక్కటే అక్షరం. మన రైబోసోమ్ అయితే టోపీకి అంత దగ్గరగా ఉన్న ఏయూజీని తరచూ దాటిపోతుంది. గియార్డియా రైబోసోమ్ అక్కడే మొదలుపెట్టగలదని ప్రయోగాలు చూపించాయి. వెదకవలసిన దూరమే లేని చోట వెదుకుతూ సాగడమన్న మాటకు అర్థం ఏముంటుంది? మామూలు కథలో నట్టనడుమ నిలిచే ఈఐఎఫ్4జీ గియార్డియా జన్యురాశిలో కనబడదు. టోపీని పట్టే ప్రోటీన్ ఉంది, మెథియోనిన్‌ను తెచ్చేది ఉంది, రెండింటినీ కలిపే పెద్దమనిషి మాత్రం లేడు. అయినా ఆ కణం హాయిగా బతుకుతోంది, మా విద్యార్థిని తమ్ముణ్ణి వారం పాటు మంచాన పడేసింది. నేను ఆమెకు చెప్పిన "అవును" ఇక్కడ నిలబడదు.

దీన్ని చూడగానే "ఆదిమ దశ" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. ఒకప్పుడు గియార్డియాకు మైటోకాండ్రియా లేవు కాబట్టి, అవి పుట్టక ముందే విడిపోయిన పురాతన వంశం అది అన్నారు. 2003లో ఆ కణంలో మైటోసోమ్‌లు అనే చిన్న అవశేషాలు కనిపించాయి. ఉన్నదాన్ని అది కుదించుకుందే తప్ప లేక కాదని తేలింది. ఆరంభ యంత్రం విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. పరాన్నజీవనం అనవసరమైన సరుకును వదిలించుకునే బతుకు. పొట్టిగా ఉన్నదల్లా పాతది కానక్కరలేదు. పైగా మన కణాల్లోనూ కొన్ని సందేశాలకు టోపీ తర్వాత పన్నెండు అక్షరాలకు అటూ ఇటూ ఏయూజీ వస్తుంది, అవీ వీధి నడవకుండానే మొదలవుతాయి. నియమం ఎవరిది, మినహాయింపు ఎవరిది అన్నది మనం గీసిన గీతే.

మలేరియా జీవి దీనికి పూర్తిగా అటు చివర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రాస్ దోమ కడుపు గోడలో దాన్ని చూశాడని తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2002లో ప్లాస్మోడియం ఫాల్సిపారం జన్యురాశి చదివినప్పుడు అందులో సుమారు 80 శాతం ఏ, టీ అక్షరాలేనని తెలిసింది; ఆ టీయే ఆర్ఎన్ఏలో యూగా వస్తుంది. అన్ని ఏలు, టీలు ఉన్న రాతలో ఏయూజీ అనే మూడక్షరాలు ఊరికే కూడా ఎన్నిసార్లో వస్తాయి. దాని సందేశాల తలభాగాలు పొడవైనవి కూడా, కాబట్టి అసలు ఏయూజీ చేరేలోగా రైబోసోమ్‌కు దారిలో ఎన్నో ఏయూజీలు ఎదురవుతాయి. ఈ అడ్డంకిని ఆ జీవి అక్కరకు వాడుకున్న తీరు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకుంది. గర్భిణుల మావిలో అంటుకోవడానికి అది వాడే ప్రోటీన్ వార్2సీఎస్ఏ. దాని సందేశంలో అసలు రాతకు ముందు మరొక చిన్న రాత ఉంది. రైబోసోమ్ దాన్ని చదివి దిగిపోతుంది, అసలుది తయారు కాదు. పీటీఈఎఫ్ అనే మరో ప్రోటీన్ తోడైనప్పుడు మాత్రమే రైబోసోమ్ నిలదొక్కుకుని రెండో ఏయూజీ దగ్గర మళ్ళీ మొదలుపెడుతుంది. మావి దొరికేదాకా ఆ ప్రోటీన్ అవసరం లేదు; అవసరం లేనప్పుడు దాన్ని ఒంటి మీద పెట్టుకుని తిరిగితే మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేస్తుంది.

మొదలుపెట్టకుండా ఉండడం కూడా ఒక పనేనని ప్లాస్మోడియం చెబుతుంది. ఆడ గ్యామెటోసైట్, అంటే ఆ జీవి లైంగిక దశ కణం, మనిషి రక్తంలో తిరుగుతున్నప్పుడే, దోమలోకి వెళ్ళాక కావలసిన పీ25, పీ28 ప్రోటీన్ల సందేశాలు దానిలో తయారై ఉంటాయి. డోజీ అనే హెలికేజ్ వాటిని పట్టి మూటగట్టి ఉంచుతుంది. దోమ రక్తం పీల్చి, ఫలదీకరణ దిశగా అడుగు పడ్డాక ఆ మూట విప్పుకుంటుంది. మరో కాపు దోమ లాలాజల గ్రంథిలో ఉంది. అక్కడ స్పోరోజాయిట్లు, అంటే మనిషికి అంటించే దశలోని కణాలు, రోజుల తరబడి మనిషి కోసం కాచుకుని ఉంటాయి. ఆ నిరీక్షణకు ఐకే2 అనే ఎంజైము కారణం: మెథియోనిన్‌ను తెచ్చే ఈఐఎఫ్2కు అది ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో తయారీ మొత్తం మందగిస్తుంది. 2010లో ఎలుక మలేరియా జీవిలో ఈ ఎంజైమును తొలగించి చూసినప్పుడు, స్పోరోజాయిట్లు దోమలో ఉండగానే కాలేయ దశకు మారడం మొదలుపెట్టి, అంటించే శక్తిని పోగొట్టుకున్నాయి. ఆగడం చేతకాని జీవి దారిలోనే చెడిపోయింది. అదే ఫాస్ఫేట్ ఎత్తు పీకే4 అనే మరో ఎంజైము చేతిలో, ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు తాకినప్పుడు కనబడుతుంది: కొన్ని జీవులు తయారీ తగ్గించుకుని అణగి ఉండి, మందు ఒంట్లోంచి పోయాక లేస్తాయి. జ్వరం తిరగబెట్టిందని రోగి మళ్ళీ వస్తే, ఆ తిరగబెట్టడానికి ఒక మూలం ఈ ఆరంభపు తలుపు దగ్గర ఉండవచ్చు. మెదడులోను, కండరాల్లోను నిద్రాణంగా ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కూడా ఈ ఫాస్ఫేటునే వాడుకుంటుంది. ట్రిపనోసోమా బ్రూసీలో ఈ ఎంజైముల్లో ఒకటి, బయటి సరుకును కణం లోపలికి తీసుకునే కశాభపు గూటి దగ్గరే ఉంటుంది. ఫాస్ఫేట్ తగిలే చోటు మాత్రం వేరు: మనిషిలో 51వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం, ఆ జీవిలో 169వ స్థానంలోని థ్రియోనిన్.

ఇవన్నీ చెప్పినప్పుడు నా సహోద్యోగి ఒకరు నన్ను సౌమ్యంగా మందలించారు. "ముందు నియమం నేర్పాలమ్మా, మినహాయింపులు తర్వాత. పునాది లేకుండా పిల్లలు తికమకపడరా?" అన్నారు. ఆయన మాటలో సగం నాకు సమ్మతమే. చిన్న ఉపప్రమాణం, మెథియోనిన్ టీఆర్ఎన్ఏ, ఏయూజీ: ఈ పునాది పైన చెప్పిన జీవులన్నిటిలోనూ ఉంది, దాన్ని ముందే గట్టిగా నేర్పాలి. నా అభ్యంతరం రెండో సగం మీద. 4ఈ, 4జీ, 4ఏల ముక్కోణాన్ని, పొడవాటి వీధిలో నడకను కూడా పునాది కిందే కలిపేస్తున్నాం. అవి ఒక వంశంలో పునాది మీద కట్టిన ఒక ఇల్లు. బాక్టీరియాలో టోపీ లేకుండా, 1974లో షైన్, డల్గార్నో చూపిన వరుస దగ్గర రైబోసోమ్ నేరుగా దిగుతుందని చెప్పేటప్పుడు దాన్ని ఎవరూ మినహాయింపు అనరు, అదొక పద్ధతి అంటారు. లీష్మానియాకు, గియార్డియాకు ఆ మర్యాద ఎందుకు దక్కదు? కృష్ణా, గుంటూరు జిల్లాల పలుకును ప్రమాణమని పెట్టుకుని, నెల్లూరు మాటను యాస అని పక్కన కూర్చోబెట్టిన పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. భాషలో ఆ అలవాటు మనసును నొప్పిస్తుంది. జీవశాస్త్రంలో అదే అలవాటు మనకు కనబడవలసినదాన్ని కనబడనివ్వదు.

మందుల సంగతిలో ఆ కనబడకపోవడం ఎలా ఉంటుందో చూడండి. పరాన్నజీవుల ప్రోటీన్ తయారీని దెబ్బతీసే మందులు మనకు కొత్త కావు. 1912లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ అమీబిక్ విరేచనాలకు ఎమెటిన్ సూదిమందు ప్రవేశపెట్టాడు. అది చిన్న ఉపప్రమాణంలో ఏ గుంటలో కూర్చుంటుందో 2014లో మలేరియా జీవి రైబోసోమ్ చిత్రంలో స్పష్టంగా కనిపించింది. కాలా అజార్‌కు 2006లో భారతదేశంలో అనుమతి పొందిన పారోమోమైసిన్ కూడా రైబోసోమ్ మీదే పనిచేస్తుంది. భీమవరంలో పుట్టి, ఈ జనరల్ హాస్పిటల్ పక్కనే ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అదే పెద్ద. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ మలేరియా జీవిలో శైవలం నుంచి మిగిలిన ఎపికోప్లాస్ట్ అనే భాగపు బాక్టీరియా తరహా రైబోసోమ్‌ను అడ్డుకుంటుంది. ఈ మందులన్నీ గొప్పవే. అయితే ఇవి ప్రధానంగా పట్టుకున్నవి తయారీ మొదలయ్యాక వచ్చే మెట్లను. టోపీ దగ్గర, ఈఐఎఫ్2 దగ్గర, అంటే మనకూ వాటికీ తేడాలు ఇంత కొట్టొచ్చినట్టు కనబడే చోట, వైద్యుడి చేతికి అందిన ఆయుధం ఏదీ లేదు.

ఆ దారి సులువని నేను అనను. ఈఐఎఫ్4ఏ వంటి ప్రోటీన్లు మనిషికీ పరాన్నజీవికీ బాగా దగ్గరి పోలికతో ఉంటాయి; అగ్లేయా మొక్కల నుంచి వచ్చిన రోకాగ్లేట్లు మలేరియా జీవి 4ఏను అడ్డుకున్నా, మన 4ఏను కూడా అవి పట్టుకుంటాయన్నది భయమే. కానీ పోలిక ఉన్నంత మాత్రాన తేడా పనికిరాకుండా పోదు. లీష్మానియా 4ఏను మన రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తించగలదని తెలిసే, దాన్ని మరి రెండు ప్రోటీన్లతో కలిపి లీష్-111ఎఫ్ అనే టీకా అభ్యర్థిని తయారు చేసి మనుషుల్లో పరీక్షించారు. 4ఏలోనే అంత తేడా దొరికినప్పుడు, నాలుగు అక్షరాల మీద మిథైల్ గుంపులున్న ఆ బరువైన టోపీని, మన అమరికలో కనబడని ఆ హెలికేజ్‌ను వదిలిపెట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆ వైపు చూసే చూపు పరిశోధకుడికి ఎమ్మెస్సీ తరగతిలోనే రావాలి. తరగతిలో మినహాయింపు అని విన్నదాని మీద జీవితాన్ని పెట్టేవాళ్ళు తక్కువ.

ఈ ఏడాది పాఠాన్ని మార్చాను. మామూలు బొమ్మ గీయడానికి ముందే నల్లబల్ల మీద మూడు వరుసలు రాశాను. మొదటిది లీష్మానియా: ఏ, ఏ, సీ, యూ అని మొదలయ్యే 39 అక్షరాలు, ఆ తర్వాత సందేశపు సొంత తలభాగం, ఆపైన ఏయూజీ. రెండోది గియార్డియా: టోపీ, ఒకే అక్షరం, వెంటనే ఏయూజీ. మూడోది మలేరియా జీవి పద్ధతిలో నేను కూర్చిన వరుస: ఏలు, యూలతో బల్ల అంచు దాకా వెళ్ళి రెండో బల్ల మీదికి పాకిన పొడవాటి తల. రైబోసోమ్ ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగకుండా దాటాలో గుర్తుపెట్టమన్నాను. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందు బెంచీ అబ్బాయి గియార్డియా వరుస చూపించి, ఇక్కడ నడవడానికి చోటే లేదు కదా మేడం, మరి ఎలా ఎక్కుతుంది అన్నాడు. అక్కడి నుంచి చర్చ నా చేతిలో లేదు. సూళ్ళూరుపేట అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. నన్ను అడిగి జూనియర్ల తరగతికి వచ్చి వెనక కూర్చుంది. మూడో వరుసను నోటుపుస్తకంలో ఎక్కించుకుని, అసలు ఏయూజీకి ముందు అడ్డువచ్చే ఏయూజీలను ఒక్కొక్కటిగా ఎర్ర పెన్నుతో చుడుతూ, ఆ సాయంత్రం తన రైలును కూడా వదులుకుంది.